తోమని చాకు

ఆగస్టు 9, శనివారం

ఒప్పుకున్నాడు! ఎఫీజియో ఒప్పుకున్నాడు!

దుకాణంలో ఒక ముసలాయన కళ్లజోడుకి అద్దం బిగిస్తుండగా మెసేజ్ వచ్చింది. చదివిన సంబరంలో స్క్రూ కింద పడేసుకున్నాను. నేలమీద పాకి పాకి వెతుకుతుంటే ముసలాయన, "బేటీ, నాకన్న నీకే అద్దాలు కావాలె" అన్నాడు. అననీ. ఇవాళ ఎవరేమన్నా నాకు కోపం రాదు.

సార్డీనియా అని ఇటలీ పక్కన సముద్రంలో ఒక ద్వీపం. ఎఫీజియో ఉండేది అక్కడే. నాకు రాబోయేది అక్కడి గొర్రెల కాపరులు జేబులో పెట్టుకునే మడత కత్తి. పిడి పొట్టేలు కొమ్ముది, బ్లేడు సన్నగా ఆకులా ఉంటుంది. ఎఫీజియో తాత వాడిన కత్తి. అలాంటిది ఇండియాలో ఇంకెవరి దగ్గరైనా ఉందేమో నాకు తెలియదు గానీ, నాందేడ్‌లో మాత్రం నా ఒక్కదాని దగ్గరే ఉంటుంది!

బదులుగా నేను పంపేది బాపు చాకు. మామిడికి, మోసంబికి అంటు కట్టే చిన్న చాకు, మా ఊరు మర్ఖేల్‌లో కమ్మరి కొట్టి ఇచ్చింది. బాపు పోయి నాలుగేళ్లయింది. అల్మారాలో ఊరికే పడి ఉంది. ఒక ఇనుప ముక్క, అంతే.

కత్తులు మార్చుకునే మా గ్రూపులో నియమం ఏమిటంటే కొత్తవాళ్లే ముందు పంపాలి. నేను చేసినవి రెండే మార్పిళ్లు, ఒకటి జపాన్, ఒకటి పోలండ్. అయినా ఎఫీజియో, "అది మీ నాన్నది అన్నావు, కాబట్టి నేనే ముందు పంపుతాను. నాది అందాక వారం రోజులు చూసుకో. వద్దనిపిస్తే తిప్పి పంపెయ్, నీది నీ దగ్గరే ఉంచుకో" అని రాశాడు. ఆలోచించడానికి ఏముంది? ఏమీ లేదని మూడు ఆశ్చర్యార్థకాలు పెట్టి జవాబిచ్చాను.

ఈ సంతోషమంతా ఇక్కడ తెలుగులో రాసుకోవడం హాయి. మా ఆయన స్వప్నిల్‌కి, అత్తమ్మకి తెలుగు మాట్లాడడమే గానీ చదవడం రాదు, వాళ్లది మరాఠీ బడి. నాకు అక్షరాలు బాపు నేర్పాడు, నిజామాబాద్ నుంచి మొక్కలకు చుట్టి వచ్చే పేపర్ల మీద.

ఆగస్టు 10

అత్తమ్మకి చెప్పాను.

"లోకంల ఆడోళ్లు చీరలు మార్చుకుంటరు, గిన్నెలు మార్చుకుంటరు. నువ్వొక్కదానివి కత్తులు మార్చుకుంటవ్" అంది.

నా పదకొండు కత్తుల్లో ఒక్కదాన్నీ ఆమె ఇంతవరకు ముట్టుకోలేదు. అసలు కత్తిని చేతికిస్తే తీసుకోదు. ఉప్పు, మిరపకాయ, కత్తి చేతి నుంచి చేతికి ఇస్తే కొట్లాటలొస్తాయట. నేను కింద పెట్టాలి, ఆమె తీసుకోవాలి. పెళ్లయి ఆరేళ్లు, మా ఇంట్లో కూరగాయల చాకు కూడా నేలమీంచే చేతులు మారింది.

"అయినా మనకు కొట్లాటలు తక్కువైనయా అత్తమ్మా?" అన్నాను.

"చేతికిస్తే ఇంకా ఎక్కువైతుండె" అంది. మా అత్తమ్మ పార్వతీబాయితో మాటల్లో గెలిచినవాడు వాళ్ల నాయ్‌గావ్ తాలూకాలోనే లేడు.

ఆగస్టు 24

బాపు చాకు ప్యాక్ చేసేశాను. ముందే చేసి పెట్టుకుంటే తర్వాత హడావుడి ఉండదు.

పాత ధోవతి గుడ్డలో చుట్టి, బిస్కెట్ల రేకు డబ్బాలో పెట్టి, నాలుగు వైపులా ఖాకీ టేపు వేశాను. చుట్టే ముందు ఒక్కసారి చూశాను. పిడి మీద బొటనవేలు ఆనే చోట నల్లగా, నున్నగా ఉంది. ఎఫీజియో పడిపోయింది ఆ నలుపుకే. సేకరించేవాళ్లు దాన్నే కత్తి వయసు అంటారు. పాత కత్తిని తోమితే వయసు పోతుంది, వయసు పోతే ఇక అది బజారు కత్తే.

స్వప్నిల్ టైర్ల దుకాణం నుంచి వచ్చి చూసి, "ఇంక రెండు నెల్లకు గదా పంపేది, గిప్పుడే ఎందుకు మూసినవ్?" అన్నాడు.

హడావుడి ఉండదని మూశాను. ఎన్నిసార్లు చెప్పాలి?

ఆగస్టు 25

డబ్బా మంచి గట్టిది.

సెప్టెంబర్ 19, శుక్రవారం

వచ్చింది వచ్చింది వచ్చింది!

పోస్ట్‌మన్ దుకాణానికే తెచ్చి ఇచ్చాడు. సేటు ముందు విప్పలేక రెండు గంటలు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. ఆ రెండు గంటల్లో ఒకావిడకి ఎడమ కంటి అద్దం కుడి వైపు బిగించాను. పాపం, ఆవిడే కనిపెట్టి చెప్పింది.

కొమ్ము పిడి పసుపచ్చగా, చివర నల్లగా ఉంది. బ్లేడు తెరిస్తే టక్కుమని చిన్న చప్పుడు. ఉక్కు మీద వంకాయ రంగు నలుపు. ఎఫీజియో చీటీ పెట్టాడు: "తాత పోయాక నలభై ఏళ్లుగా దీన్ని ఎవరూ తుడవలేదు. వాసన చూడు." చూశాను. గొంగడి వాసన! మన గొల్లవాళ్ల గొంగడి వాసనే! గది తలుపు వేసుకుని ఎగిరాను. అత్తమ్మ బయట నుంచి "ఏమైందే, బల్లి కనవడ్డదా?" అని అరిచింది.

నచ్చిందని, తీసుకుంటున్నానని ఇప్పుడే రాసేయొచ్చు. వారం గడువు ఎందుకు? రేపు రాస్తాను.

సెప్టెంబర్ 20

దుకాణంలో పని ఎక్కువ.

సెప్టెంబర్ 22

ఇప్పటికి నూట నలభై మూడు ఫోటోలు తీశాను. ఎండలో, నీడలో, నిమ్మకాయ పక్కన, సబ్బు పక్కన. గ్రూపులో పెడితే పోలండ్ ఆయన "నువ్వు అదృష్టవంతురాలివి" అన్నాడు. అవును, నేను అదృష్టవంతురాలినే.

ఎఫీజియోకి రేపు రాస్తాను.

సెప్టెంబర్ 25

రేపటితో వారం పూర్తి. దసరా దాకా గడువు అడిగాను. పండగ పనులు, పోస్టాఫీసుకు వెళ్లే తీరిక లేదు అని రాశాను. వెంటనే సరే అన్నాడు. మంచి మనిషి. మరీ అంత తొందరగా ఒప్పుకోకూడదు.

అక్టోబర్ 1, ఖండే నవమి

ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు.

ఇవాళ ఇనుముకు పూజ. దుకాణంలో మా స్క్రూడ్రైవర్లకు బొట్టు పెట్టి మధ్యాహ్నానికే ఇంటికి వచ్చాను. అత్తమ్మ ముందు గదిలో పీట వేసి ఇంట్లో ఉన్న ఇనుమంతా వరసగా పేర్చింది. ఆమె కత్తిపీట, కొడవలి, కత్తెర, స్వప్నిల్ పానాలు, జాకీ. వాటి పక్కన నా పదకొండు కత్తులు. ఆరేళ్లలో మొదటిసారి. నాకు ఛాతీ నిండిపోయింది.

పన్నెండోది మధ్యలో ఉంది. పెళ్లిలో పంచిన స్టీలు చెంచాలా తళతళలాడుతోంది.

"చూడు, ఎట్ల మెరుస్తున్నదో!" అంది అత్తమ్మ. "చింతపండు వెట్టి గంటసేపు తోమిన. నలుపు పోతనే లేదు, ఇటుక పొడి వెట్టి రుద్దిన. గంతల సానోడు సైకిలేసుకొని అచ్చిండు, పదును గూడ పెట్టిచ్చిన. నీ తతిమ్మా కత్తులు మంచిగనే ఉన్నయ్. గిదొక్కటే పాపం దేశం గాని దేశం నుంచి అచ్చి మురికిగ పడి ఉన్నది."

నేను కూర్చుండిపోయాను. అలసిపోయాననుకుని నీళ్లు తెచ్చి ఇచ్చింది.

"ఇన్నేండ్లు నీ కత్తులకు బొట్టు వెట్టలే. తప్పు నాదే" అంది. "నీ పనిముట్లు గూడ పనిముట్లే గదా."

ఆ ముఖం చూస్తూ ఏమని చెప్పను? "మస్తుగున్నది అత్తమ్మా" అన్నాను. హారతి నేనే ఇచ్చాను. కొమ్ము పిడిని వాసన చూస్తే చింతపండు.

అక్టోబర్ 1, మళ్లీ

ఇక దాన్ని తిప్పి పంపడం కుదరదు.

అక్టోబర్ 2, దసరా

బంగారమని ఆకులు పంచి, అందరి కాళ్లకు దండం పెట్టి, పూరణ్‌పోళీ బొబ్బట్లు ఆరు తిన్నాను.

ఆలోచిస్తే ఒక రకంగా మంచిదే జరిగింది. తిప్పి పంపడమా, ఉంచుకోవడమా అన్న ప్రశ్నే లేకుండా పోయింది. అయినా తిప్పి పంపాలని నేనెప్పుడనుకున్నాను?

అక్టోబర్ 3

రాసేశాను! "తీసుకుంటున్నాను, మీ కత్తి అద్భుతం, నాది సోమవారం పంపుతాను." మూడు ఆశ్చర్యార్థకాలు. తోమిన సంగతి రాయలేదు. ఇక అది నాది, నా కత్తిని ఎవరు తోమితే ఆయనకేం?

గ్రూపులో నా పేరు పక్కన మూడో మార్పిడి పడింది, ఆకుపచ్చ గుర్తుతో. స్వప్నిల్‌కి చూపించాను. "మంచిగైంది. మరి గట్ల ముఖం ఏంది?" అన్నాడు. నా ముఖం ఎప్పుడూ ఇంతే.

అక్టోబర్ 5, ఆదివారం

విదేశీ పార్సిల్‌ను కౌంటర్లో తెరిచి చూపించాలి కదా, టేపు ఇంట్లోనే విప్పి ఉంచుకుందామని డబ్బా తీశాను.

నేను వేసింది ఖాకీ టేపు. దాని మీద స్వప్నిల్ దుకాణంలోని నల్ల టేపు ఉంది.

లోపల ధోవతి గుడ్డ చక్కగా మడిచి ఉంది. బాపు చాకు బ్లేడు మీద ఒక కుంకుమ బొట్టు, కొంచెం పసుపు. అంతే. తుప్పు తుప్పులాగే ఉంది. పిడి మీది నలుపు ఉన్నచోటే ఉంది.

వంటింట్లోకి పరుగెత్తాను. అత్తమ్మ పప్పు ఎనుపుతోంది.

"అత్తమ్మా, గీ డబ్బ నువ్వు తెరిచినవా?"

"తెరవకపోతే? అన్నిటికి బొట్టు వెట్టి దీన్నొక్కదాన్ని చీకట్ల ఉంచుడా?"

"మరి దీన్నెందుకు తోమలే?"

పప్పుగుత్తి ఆపి నా వైపు చూసింది, పిచ్చిదాన్ని చూసినట్టు.

"గా నల్లగున్నది మీ బాపు బొటనేలు గదనే. మా నాయ్‌గావ్ తోటకు అంటు కట్టనీకె అచ్చినప్పుడు చూడలేదా నేను? గట్లనే వేలు ఆనిచ్చి పట్టుకుంటుండె. దాన్నెట్ల తోమ్త?"

మళ్లీ పప్పు ఎనపడం మొదలుపెట్టింది.

నేను వంటింటి గడప మీద కూర్చుని ఏడ్చాను. పదకొండు కత్తులున్న దాన్ని, భూతద్దం పెట్టి కత్తుల వయసు చెప్పేదాన్ని, నాకు కనపడనిది ఆమెకు కనపడింది. ఇక్కడైనా నిజం రాస్తాను. బాపు చాకు ఇవ్వాలని నాకు లేదు. ఆగస్టులో కూడా లేదు. చూడకుండా ఉండాలనే డబ్బాలో మూశాను.

అక్టోబర్ 6

సోమవారం. పోస్టాఫీసుకు వెళ్లలేదు. ఎఫీజియోకి అంతా రాశాను. మీ తాత కత్తిని మా అత్త పండక్కి తోమింది, ఆ సంగతి దాచి ఒప్పుకున్నాను. మా నాన్న చాకు ఇవ్వలేను. మీది వచ్చినట్టుగా తిప్పి పంపలేను. నా పదకొండు కత్తులూ తీసుకోండి, మీది కూడా వెనక్కి పంపుతాను. ముందు ఎలా ఉందో, ఇప్పుడెలా ఉందో రెండు ఫోటోలు పెట్టాను.

పంపాక తేలిగ్గా ఉంది. చాలా తేలిగ్గా ఉంది!

అక్టోబర్ 7

జవాబు వచ్చింది. రెండే మాటలు.

"నలభై ఏళ్లు."

అక్టోబర్ 9

గ్రూపులో నా పేరు పక్కన ఆకుపచ్చ పోయి పసుపు పడింది. తగవు నడుస్తోందని అర్థం. ఎరుపు పడితే ఇక ఏ దేశంలోనూ నాతో ఎవరూ కత్తి మార్చుకోరు. పడినా న్యాయమే. నమ్మి ముందు పంపిన మనిషిని దొంగలా వాడుకున్నాను.

అక్టోబర్ 12

ఏమీ రాలేదు. పోలండ్ ఆయన కూడా పలకరించడం లేదు.

అక్టోబర్ 14, మంగళవారం

ఈ రోజును నేను చచ్చేదాకా మర్చిపోను.

నిన్న స్వప్నిల్ నోరు జారాడట. మధ్యాహ్నం దుకాణం ముందు షేర్ ఆటో ఆగింది. గోనెసంచి చంకలో పెట్టుకుని అత్తమ్మ దిగింది. ఆరేళ్లలో ఒక్కసారి కూడా మా దుకాణం మెట్లెక్కని మనిషి! సేటు కళ్లజోడు సర్దుకున్నాడు.

"నాకెందుకు చెప్పలే?" అంది, నలుగురు గిరాకీల ముందు.

"అత్తమ్మా..."

"నేను గా కత్తి మెరుస్తున్నదని వాడకట్టంత తిప్పి చూపెట్టిన! సుందరబాయికి రెండుసార్లు చూపెట్టిన! ఖరాబ్ చేసి చూపెట్టిన్నని నాకేమెరుక?"

"మొదటిసారి నా కత్తులకు బొట్టు వెట్టినవ్. ఎట్ల చెప్పాలె?"

"నోరు తెరిచి చెప్పాలె." కొంగుతో కళ్లు తుడుచుకుంది. నాకు ప్రాణం పోయినట్టయింది.

తర్వాత గోనెసంచి విప్పి కత్తిపీట బయటికి తీసి నేల మీద పెట్టింది.

"ఖరాబ్ చేసింది నేను. నాది ఇస్త. ఫోటో తియ్యి."

"వద్దత్తమ్మా. గది మీ అమ్మ పెండ్లికి ఇచ్చింది."

"ఆయనది తాతది. గిది మా అమ్మది. బరాబర్ గదా?"

"వద్దంటున్న గదా!"

"వద్దననీకె నువ్వెవలు? నీదా? నాది."

దుకాణం నేల మీద కూర్చుని, ఒక మోకాలు పైకి పెట్టి, కాలితో పీటను తొక్కిపట్టింది. కోయడానికి ఏదీ లేదని చూసి, కళ్లజోడు కోసం వచ్చిన ఒకాయన సంచిలోంచి వంకాయ అడిగి తీసుకుంది. ఆయన భయంతో రెండిచ్చాడు. సేటు "పార్వతీబాయి, ఇక్కడ జరా కుర్చీల కూసోండ్రి" అంటే, "కుర్చీల కూసోని ఎవలు కోస్తరు?" అని అడిగింది. నేను నవ్వుతూ, ఏడుస్తూ ముప్పై ఫోటోలు తీశాను. చెయ్యి కదిలి సగం మసకగా వచ్చాయి. అక్కడే నిలబడి ఎఫీజియోకి పంపాను.

అక్టోబర్ 16

ఎఫీజియో పలికాడు! ఒకే ప్రశ్న: "చెక్క మీద ఒక పక్క గుంట పడింది. అదేమిటి?"

నేను అది గమనించనే లేదు. వెళ్లి చూశాను. టేకు పీట మీద, కాలు ఆనే చోట, మడమ అంత గుంట. అత్తమ్మ నలభై ఒక్క ఏళ్లుగా తొక్కిన చోటు. అలాగే రాశాను.

అక్టోబర్ 17

పంపమన్నాడు! పంపమన్నాడు! ఆకుపచ్చ గుర్తు మళ్లీ పడింది!

మొత్తం ఇక్కడ దింపుకుంటున్నాను: "ఆ పాదం గుంట నాకు కావాలి. మార్పిడి పూర్తయింది. మీ నాన్న చాకు ఎవరికీ పంపకు. వారం గడువు ఎందుకిచ్చాననుకున్నావు? ఆలోచించడానికి ఏమీ లేదని రాసినప్పుడే నాకు అనుమానం వచ్చింది. తోమినందుకు మీ అత్త మీద కోపం ఇంకా పోలేదు, ఆమె పీట వచ్చాక పోతుందేమో చూస్తాను. ఒక్క షరతు. దాన్ని కడగవద్దు."

దుకాణంలో అరిచాను. సేటు ఇవాళ్టికి ఇంటికి వెళ్లిపొమ్మన్నాడు.

అక్టోబర్ 18

షరతు విని అత్తమ్మ మంచం మీద కూలబడింది.

"అగ బాయి! కడగకుండ పంపుడా? దానికి నిన్నటి కాకరకాయ అంటుకొని ఉన్నది! గీళ్లింట్ల నీళ్లు లేవా అనుకోరా?"

"గదే కావాలంట అత్తమ్మా."

"కాకరకాయనా?"

పీటను అల్మారాలో పెట్టి తాళం వేశాను. చింతపండు డబ్బా కూడా లోపలే పెట్టాను. దీపావళి పండగ పూట పులుసు లేదని స్వప్నిల్ గొణిగాడు.

అక్టోబర్ 27

పంపేశాం. కౌంటర్లో ఉన్నమ్మాయి చెయ్యి చాపితే అత్తమ్మ ఇవ్వలేదు. "కింద పెడ్త, తీస్కో బిడ్డా" అని బల్ల మీద పెట్టింది. డబ్బాలో పీటతో పాటు నా చేత ఒక చీటీ రాయించి పెట్టించింది: ఎడమ కాలు మడవాలి, కుడి మోకాలు లేపాలి, వేళ్లు జాగ్రత్త, వచ్చే నవమికి బొట్టు పెట్టాలి.

తిరిగొస్తుంటే ఆటోలో అత్తమ్మ చెయ్యి పట్టుకున్నాను, పట్టుకోనిచ్చింది.

నవంబర్ 2

బజార్లో కొన్న కత్తిపీట కదులుతోందట. బెండకాయ నలుగుతోందట. నాలుగు రోజులుగా ఇదే పాట. రేపు ఇంకోటి తెస్తానంటే వద్దంది.

నవంబర్ 29, శనివారం

ఎఫీజియో ఫోటో పంపాడు! తెల్ల గడ్డం మనిషి వంటింట్లో నేల మీద కూర్చుని, కాలు పీట మీద పెట్టి, ఉల్లిగడ్డ కోస్తున్నాడు. కింద రాశాడు: "నా పాదం పెద్దది, గుంటలో పట్టలేదు. కోపం పోయింది."

అత్తమ్మ ఫోను దగ్గరగా పెట్టుకుని చూసి, "కాలు గట్లనా వెట్టేది? నడుం పట్టుకుంటది" అంది. మళ్లీ చూసింది. మళ్లీ.

ఆమె ముందు నిమ్మకాయల గంప ఉంది, తొక్కు పెట్టడానికి. కొత్త పీటతో తంటాలు పడుతోంది. నేను లోపలికి వెళ్లి సార్డీనియా కత్తిని తెచ్చి, తెరిచి, ఆమె ముందు నేల మీద పెట్టాను.

"గిదా? మళ్ల ఖరాబ్ అయితది" అంది.

"ఏం కాదు. కొయ్యి."

భయంగా తీసుకుంది. ఒక నిమ్మకాయ కోసింది, రెండు, పది. "సానోడు మంచిగనే పెట్టిండు పదును" అంది, పోయిన నెల నుంచి మొదటిసారి గర్వంగా. గంప సగమయ్యేసరికి, తెల్లగా మెరిసే బ్లేడు మీద రసం పారిన చోట సన్నగా ఒక మబ్బు రంగు మరక పడింది. నాకంటే ముందు ఆమే చూసింది. "అయ్యో!" అని చింతపండు డబ్బా కోసం చెయ్యి చాపింది.

"అత్తమ్మా, ఆగు!"

నా అరుపుకి చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. మరక వంక చూసింది, నా వంక చూసింది, అల్మారా వంక చూసింది. అక్కడ బాపు చాకు ఇప్పుడు టేపు లేకుండా, ధోవతి గుడ్డ మీద ఉంది.

"గిది నా చెయ్యి మరకనా?"

"నీదే అత్తమ్మా."

కొంగుతో బ్లేడు తుడవబోయి మానుకుంది.

"గట్లైతే ఉండనీ" అంది. ఇంకో నిమ్మకాయ తీసుకుంది.